స్వస్థత కూటాల్లో ‘దేవుని శక్తి’: తరచుగా అడిగే ప్రశ్నలు

స్వస్థత కూటాలకు వెళ్లొచ్చినవారు, వెళ్లాలా వద్దా అని తటపటాయిస్తున్నవారు, ఇంట్లో ఒకరు వెళ్తానంటే మరొకరు కూడదంటున్నవారు ఎక్కువగా అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ప్రార్థనను నమ్మేవాడిగానే జవాబులు రాశాను. అయితే ప్రార్థనను నమ్మడం వేరు, వేదిక మీద మైకు పట్టుకున్న మనిషి చెప్పిందల్లా నమ్మడం వేరు.

రోగుల కోసం ప్రార్థన అన్ని సంఘాల్లోనూ ఉంది. మరి కరిస్మాటిక్ సంఘాలను విడిగా ఎందుకు చూస్తారు?

మంచాన పడిన మనిషి కోసం ప్రార్థించని క్రైస్తవ సంఘం లేదు. సి.ఎస్.ఐ. గుడిలోనూ, బాప్టిస్టు మందిరంలోనూ, కథోలిక దేవాలయంలోనూ రోగులను తలుచుకుంటారు. అక్కడ అడగడం మన వంతు, ఇవ్వడం దేవుడి ఇష్టం. కరిస్మాటిక్ కూటంలో ఇంకో మెట్టు ఉంటుంది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలో పౌలు చెప్పిన స్వస్థపరచే వరం, ప్రవచనం, భాషలు ఈనాటికీ కొందరి ద్వారా పనిచేస్తాయనీ, ఆ శక్తి ఇప్పుడే, ఇక్కడే, అందరి కళ్లెదుట కనిపిస్తుందనీ నమ్ముతారు.

1906లో లాస్ ఏంజెలెస్‌లోని అజూసా వీధిలో విలియం సేమూర్ నడిపిన కూటాలను పెంతెకొస్తు ఉద్యమానికి పుట్టిల్లుగా చెబుతారు. ఆయన నల్లజాతి బోధకుడు, ఒకప్పటి బానిసల కొడుకు. అంతకు ఏడాది ముందే పుణె దగ్గరి కేడ్‌గావ్‌లో, పండిత రమాబాయి నడిపిన ముక్తి మిషన్‌లో అలాంటి ఉజ్జీవమే (విశ్వాసం కొత్తగా రగలడం) వచ్చిందన్న సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు. 1960లో ఈ ధోరణి కాలిఫోర్నియాలోని ఒక ఎపిస్కోపల్ గుడిలో బయటపడింది. 1967లో పిట్స్‌బర్గ్‌లోని డ్యుకేన్ విశ్వవిద్యాలయం నుంచి కథోలికుల్లోకి పాకింది. 1980ల్లో అమెరికా బోధకుడు జాన్ వింబర్ వచ్చి, సువార్త చెప్పేచోట సూచక క్రియలు, అంటే అద్భుతాలు కూడా కనబడాలని బోధించాడు. మన ఊళ్లలో గోడల మీద కనిపించే స్వస్థత మహాసభల పోస్టర్ల వంశవృక్షం ఇదే.

‘దేవుని శక్తి దిగింది, ఆమె బాగైంది’ అంటారు. ఈ మాటను ఎలా అర్థం చేసుకోవాలి?

ముందు దాన్ని విడదీయాలి. అందులో మూడు సంగతులు ముడిపడి ఉంటాయి. శరీరంలో నిజంగా మార్పు వచ్చిందన్నది మొదటిది. ఆ మార్పు తెచ్చింది దేవుడేనన్నది రెండోది. కనుక ఈ దైవజనుడు దేవుడు పంపినవాడు, ఈయన మాట వినాలి, ఈయన పరిచర్యకు ఇవ్వాలి అన్నది మూడోది. మూడోదాన్ని చాలాసార్లు నోరు తెరిచి చెప్పరు. చెప్పనక్కర్లేకుండానే జనం అక్కడికి చేరుకుంటారు.

మొదటిది వైద్యుడు తేల్చగలిగే విషయం. రెండోది విశ్వాసానికి సంబంధించినది, దాన్ని ఏ స్కానింగూ చూపించలేదు. గొడవంతా మూడోదానితోనే. నా లెక్కలో వేదిక, దీపాలు, కెమెరాలు ఉన్నది దానికోసమే. ఆశ్చర్యం ఏమిటంటే, మొదటి రెండూ నిజమైనా మూడోది నిజం కానక్కర్లేదని బైబిలే చెబుతోంది. ద్వితీయోపదేశకాండము 13వ అధ్యాయంలో ఒక ప్రవక్త చెప్పిన సూచన నెరవేరుతుంది కూడా. అయినా అతడు జనాన్ని పక్కదారి పట్టిస్తే అతని మాట వినవద్దంటుంది. మత్తయి 7వ అధ్యాయంలో కొందరు వచ్చి నీ పేరుతో దయ్యాలను వెళ్లగొట్టాం, అద్భుతాలు చేశాం అంటారు. వాటిని మీరు చేయలేదు అని ప్రభువు అనడు. “నేను మిమ్మును ఎన్నడును ఎరుగను” అంటాడు. అద్భుతం జరగడం ఒకటి, చేసిన మనిషి నికార్సైనవాడు కావడం మరొకటి. అపొస్తలుల కార్యములు 3వ అధ్యాయంలో కుంటివాడు లేచి గంతులు వేస్తుంటే జనం తమ చుట్టూ మూగడం చూసి, మా సొంత శక్తితో చేసినట్టు మావైపు ఎందుకు చూస్తున్నారని పేతురు అడుగుతాడు. ఆ ప్రశ్న అడిగే ప్రసంగీకుడు మీకు కనిపిస్తే ఆయన కూటానికి నిశ్చింతగా వెళ్లండి.

తల మీద చెయ్యి పెట్టగానే వెనక్కి పడిపోతారు, వణుకుతారు, నవ్వుతారు. అది పరిశుద్ధాత్మ పనే కదా?

కావచ్చు, కాకపోవచ్చు. పడిపోవడాన్ని బట్టి ఏదీ తేలదు. ఈ మాట అన్నది నాస్తికుడు కాదు, అమెరికాలో ఉజ్జీవ సభలు నడిపిన బోధకుడు జొనాథన్ ఎడ్వర్డ్స్. 1741లో ఆయన, ఏడుపులు, వణుకులు, స్పృహ తప్పడాలు ఆత్మ పనికి రుజువూ కావు, వ్యతిరేక రుజువూ కావు అని రాశాడు. మనిషి బతుకు ఆ తర్వాత ఎటు తిరిగిందో చూడమన్నాడు. 1994 జనవరిలో టొరంటో విమానాశ్రయం పక్కనున్న, వింబర్ నడిపిన వైన్‌యార్డ్ ఉద్యమానికి చెందిన సంఘంలో జనం గంటల తరబడి నవ్వుతూ నేల మీద దొర్లినప్పుడు, దాన్ని సమర్థించినవారూ తప్పుపట్టినవారూ ఇద్దరూ ఎడ్వర్డ్స్‌నే ఉదహరించారు. మరుసటి ఏడాది చివరికి వైన్‌యార్డ్ ఉద్యమమే ఆ సంఘాన్ని దూరం పెట్టింది.

వరుసలో నిలబెట్టి, వెనక పట్టుకునేవారిని ఉంచి, ముందున్న పదిమంది పడిపోవడం చూపించాక పదకొండోవాడు నిలబడి ఉండటమే కష్టం.

కళ్లముందే చక్రాల కుర్చీ వదిలి నడిచారు, చెవిటివాడు విన్నాడు. అదంతా నాటకమా?

ఎక్కువసార్లు నాటకం కాదు. మోసం జరిగిన సందర్భాలు లేకపోలేదు. అమెరికాలో పీటర్ పోపాఫ్ అనే స్వస్థత బోధకుడు జనంలో ఉన్నవారి పేర్లు, జబ్బులు, ఇంటి చిరునామాలు దేవుడు బయలుపరచినట్టు చెప్పేవాడు. 1986లో ఇలాంటి మోసాల గుట్టు విప్పే ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ బృందం రేడియో పరికరంతో విని చూస్తే, 39.17 మెగాహెర్ట్జ్ మీద ఆయన భార్య తెరవెనక నుంచి ఆ వివరాలు చెబుతోంది, ఆయన చెవిలోని చిన్న యంత్రంలో వింటున్నాడు. జనం కూటానికి ముందు నింపిచ్చిన ప్రార్థన కార్డులే ఆ ‘ప్రత్యక్షత’కు మూలం. మరుసటి ఏడాది దివాలా తీశాడు. కొన్నేళ్ల తర్వాత ‘అద్భుత జలం’ పొట్లాలతో మళ్లీ టీవీకెక్కాడు. జనం మరపు మీద నమ్మకం ఉన్నవాడు.

అయితే ఇలాంటి దొంగలను చూపించి అందరినీ కొట్టిపారేయడం సులువైన పని. ఎవరూ అబద్ధం ఆడకుండానే జరగని స్వస్థత జరిగినట్టు కనిపించే దారులు చాలా ఉన్నాయి. ఉత్సాహం ఉప్పొంగినప్పుడు శరీరం నొప్పిని కాసేపు మరుగుపరుస్తుంది. చక్రాల కుర్చీలో వచ్చినవారిలో కొంతదూరం నడవగలిగినవారు ఉంటారు, జనసమ్మర్దంలో కుర్చీ సౌకర్యమని తెచ్చుకుంటారు. గుడ్డివారని పేరు పడ్డవారిలో వెలుతురు, వేళ్లు తెలిసేవారు, చెవిటివారని పేరు పడ్డవారిలో గట్టి శబ్దం వినిపించేవారు చాలామంది. కీళ్లనొప్పులు, ఉబ్బసం, కొన్ని నరాల జబ్బులు పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. బాగా ముదిరినప్పుడే మనం కూటానికి పరుగెత్తుతాం, ఆ తర్వాత తగ్గడం దాని తీరు. పచ్చకామెర్లకు పసరు వేయించుకున్నవారిలో చాలామందికి తగ్గుతుంది. అవి వైరస్ వల్ల వచ్చినవైతే పసరు లేకపోయినా సాధారణంగా కొన్ని వారాల్లో తగ్గేవే. పసరు వేసినాయన మోసగాడు కాదు, ఆయనకూ తెలియదు అంతే. ప్రార్థించిన పాస్టరు గారి విషయమూ చాలాసార్లు ఇంతే.

అసలు చూడాల్సింది ఆ రాత్రి కాదు, మరుసటి నెల. అమెరికాలో క్యాథరిన్ కుల్మన్ అనే బోధకురాలి స్వస్థత సభలకు వేలమంది వచ్చేవారు. ఆమె నిజాయతీని చాలామంది ఒప్పుకునేవారు. మిన్నెసోటాకు చెందిన శస్త్రవైద్యుడు విలియం నోలెన్ ఆమె సభలో స్వస్థత పొందామన్న 23 మందిని వెతికి పట్టుకుని పరిశీలించి, 1974లో ఆ వివరాలు అచ్చువేశాడు. జబ్బు నయమైనవారు ఆయనకు ఒక్కరూ కనిపించలేదు. వెన్నెముకలో క్యాన్సర్ ఉన్న ఒకామె నడుముకున్న పట్టీ విప్పి పారేసి వేదిక మీద పరుగెత్తింది, సభ హోరెత్తింది. మర్నాడు ఆమె వెన్నుపూస కూలిపోయింది, నాలుగు నెలలకు చనిపోయింది. ఆ సభలో ఉన్నవారిలో ఎంతమందికి ఈ రెండో సగం తెలిసి ఉంటుంది? పరుగు జ్ఞాపకం ఉన్నవారు ఇంటికి వెళ్లి అద్భుతం చూశామనే చెప్పి ఉంటారు, వారు చెప్పినదాంట్లో అబద్ధమూ లేదు.

డాక్టర్లే ఆశ్చర్యపోయారట, రిపోర్టు మారిపోయిందట. దీనికేమంటారు?

కాగితాలు అడుగుతాను. ప్రార్థనకు ముందు జబ్బు ఫలానా అని తేల్చిన పరీక్ష ఏది? బయాప్సీ చేశారా, లేక ‘స్కాన్‌లో నీడలా ఉంది, అనుమానం’ అన్నారా? తర్వాత చేసింది అదే పరీక్షేనా? మధ్యలో మందులు, ఆపరేషన్, రేడియేషన్ ఏమైనా జరిగాయా? ఏడాది తర్వాత ఎలా ఉన్నారు? ఈ నాలుగింటికీ జవాబులున్న సాక్ష్యాలు అరుదు. ‘డాక్టరు గారు నోరెళ్లబెట్టారు’ అన్న మాట మాత్రం ప్రతి సాక్ష్యంలోనూ ఉంటుంది, ఆ డాక్టరు గారు మాత్రం కనిపించరు. ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. కొన్ని రకాల క్యాన్సర్లు, ముఖ్యంగా పసిపిల్లల్లో వచ్చే న్యూరోబ్లాస్టోమా, అరుదుగా మూత్రపిండాల క్యాన్సర్, చికిత్స లేకుండానే తగ్గిన దాఖలాలు వైద్యగ్రంథాల్లో ఉన్నాయి. అందరికీ దక్కని అదృష్టం కాబట్టి దక్కినవారు దేవునికి కృతజ్ఞత చెప్పుకోవడంలో తప్పేమీ లేదు.

ఈ విషయంలో కథోలికులు పెట్టుకున్న పద్ధతి నాకు నచ్చుతుంది. ఫ్రాన్స్‌లోని లూర్దులో 1858లో మరియమాత కనిపించిందని బెర్నదెత్ అనే బాలిక చెప్పినప్పటి నుంచి రోగులు వెళ్తున్నారు. మన గుణదల కొండ మీద పూజలందుకునేదీ ఆ లూర్దు మాతే. 1883 నుంచి అక్కడ వైద్య కార్యాలయం ఉంది. నయమైందన్న మనిషి పాత రికార్డులన్నీ తేవాలి. జబ్బు తీవ్రమైనదై ఉండాలి, నిర్ధారణ అనుమానం లేనిదై ఉండాలి, నయం కావడం హఠాత్తుగా, పూర్తిగా జరిగి నిలబడాలి, చికిత్స వల్ల అయి ఉండకూడదు. అక్కడికి వచ్చిన వైద్యుడు ఏ మతంవాడైనా పరిశీలనలో కూర్చోవచ్చు. స్వస్థత పొందామని వచ్చి నమోదైన వేల కేసుల్లో 2018 నాటికి అద్భుతాలుగా ప్రకటించినవి 70. ఆ డెబ్బయ్యోది ఒక ఫ్రెంచ్ సన్యాసినిది, ఆమె 2008లో లేచి నడిస్తే ప్రకటనకు పదేళ్లు పట్టింది. పైగా వైద్యులు ‘అద్భుతం’ అనరు. నేటి వైద్యజ్ఞానంతో వివరించలేం అని మాత్రమే అంటారు. ఆ పైమాట బిషప్పుది. నేను పైన విడదీసిన మొదటి సంగతినీ రెండోదాన్నీ వేర్వేరు మనుషుల చేతుల్లో పెట్టడమంటే ఇదే. మన మహాసభల్లో పది నిమిషాల్లో పాతికమంది సాక్ష్యాలు పూర్తవుతాయి.

ప్రార్థన పనిచేస్తుందని శాస్త్రవేత్తలు నిరూపించారని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?

నిరూపించలేదు. 1988లో అచ్చయిన, శాన్‌ఫ్రాన్సిస్కోలో 393 మంది గుండె రోగుల మీద రాండాల్ఫ్ బైర్డ్ చేసిన అధ్యయనంలో, ప్రార్థన పొందినవారు కొన్ని అంశాల్లో కాస్త మెరుగ్గా ఉన్నారని వచ్చింది. తిరిగేది ఎక్కువగా ఆ వార్తే. 2006లో అచ్చయిన పెద్ద అధ్యయనంలో బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మందిని మూడు గుంపులు చేశారు. తమకోసం ప్రార్థిస్తున్నారో లేదో తెలియని రెండు గుంపుల్లో, ప్రార్థన అందినవారిలో 52 శాతానికి, అందనివారిలో 51 శాతానికి ఇబ్బందులు తలెత్తాయి. ప్రార్థిస్తున్నారని కచ్చితంగా తెలిసినవారిలో 59 శాతానికి వచ్చాయి. ‘నాకోసం ఇంతమంది ప్రార్థించాలా, నా పరిస్థితి అంత విషమంగా ఉందా’ అని వారు కంగారుపడి ఉంటారని కొందరు అన్నారు.

చేతులుంచి దగ్గరగా చేసే ప్రార్థన మీద మొజాంబిక్ పల్లెల్లో చేసిన ఒక అధ్యయనం 2010లో అచ్చయింది. 24 మందిలో వినికిడి, చూపు మెరుగుపడ్డాయని రాశారు. పోల్చి చూడటానికి ప్రార్థన పొందని గుంపు అందులో లేదు. అంచేత దాన్నుంచి ఎటూ తేల్చలేం. నన్నడిగితే, ఈ పరీక్షల్లో దేవుణ్ని మోతాదు కట్టి ఇచ్చే మందులా చూడటమే నాకు ఇబ్బంది. నీ దేవుడైన ప్రభువును శోధింపవద్దన్న మాట రెండు పక్షాలకూ వర్తిస్తుంది.

స్వస్థత రాలేదంటే నీలో విశ్వాసం లేదు, ఏదో దాచిన పాపం ఉంది అంటున్నారు. నిజమా?

ఈ బోధ చేసినంత హాని దొంగ అద్భుతాలు కూడా చేయలేదని నా అభిప్రాయం. దీని మూలం అమెరికా బోధకుడు ఇ.డబ్ల్యు. కెన్యన్ రాతల్లో ఉంది. ఓక్లహోమాలో కెనెత్ హేగిన్ అనే మరో బోధకుడు దాన్ని ఊరూరా చేర్చాడు. “అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది” అన్న యెషయా 53:5ను పట్టుకుని, స్వస్థత సిలువ మీదే ముగిసిపోయింది, నోటితో ఒప్పుకుని పుచ్చుకోవడమే మిగిలింది అంటారు. జబ్బు ఉందని పలకడం కూడా అవిశ్వాసమే అవుతుంది. దీనివల్ల ప్రసంగీకుడు ఎన్నడూ ఓడిపోడు. నయమైతే అభిషేకం, కాకపోతే నీ తప్పు. అసలే నొప్పితో ఉన్న మనిషి నెత్తిన నేరం కూడా మోపి ఇంటికి పంపుతారు.

బైబిలు ఇలా లేదు. యోహాను 5లో బేతెస్ద కోనేటి దగ్గర ముప్పై ఎనిమిదేళ్లు పడి ఉన్నవాడికి తనను బాగుచేసింది ఎవరో కూడా తెలియదు, ఇక విశ్వాసం మాటెక్కడ? మార్కు 2లో పక్షవాయువు గలవాణ్ని మోసుకొచ్చినవారి విశ్వాసాన్ని ప్రభువు చూశాడు. అదే సువార్త 8వ అధ్యాయంలో బేత్సయిదా గుడ్డివాడికి మొదటిసారి మనుషులు నడిచే చెట్లలా కనిపించారు, రెండోసారి చేతులుంచాక గాని తేటగా కనబడలేదు. పౌలు తన శరీరంలోని ‘ముల్లు’ లాంటి బాధను తీసేయమని మూడుసార్లు అడిగితే “నా కృప నీకు చాలును” అన్న జవాబే వచ్చింది. ఆయనే తన సహచరుడు త్రోఫిమును మిలేతు పట్టణంలో రోగిగా వదిలి వచ్చానని రాశాడు. తిమోతికి కడుపునొప్పికి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు, విశ్వాసం పెంచుకోమనలేదు.

స్వస్థత పరిచర్యలో తలపండినవారు కొందరు దీన్ని ఒప్పుకున్నారు. ఇంగ్లండులో యార్క్ నగరంలో పేరుపొందిన ఆంగ్లికన్ గురువు డేవిడ్ వాట్సన్‌కు క్యాన్సర్ వస్తే, స్నేహితుడైన వింబర్ అమెరికా నుంచి వచ్చి ప్రార్థించాడు. 1984లో వాట్సన్ చనిపోయాడు. వింబర్ కూడా క్యాన్సరుతో, గుండెజబ్బుతో బాధపడి 1997లో 63 ఏళ్లకు పోయాడు. దేవుని రాజ్యం వచ్చింది గాని పూర్తిగా రాలేదు, అందుకే కొందరు బాగవుతారు, కొందరు కారు అనేది ఆయన బోధ. ఆయన చెప్పిన చాలా సంగతులతో నాకు పేచీ ఉంది, దీనితో లేదు.

మా అత్తగారు స్వస్థత వచ్చిందని షుగరు మందులు మానేశారు. ఏం చేయాలి?

వాదించకండి, ఈరోజే పరీక్ష చేయించండి. ‘దేవుడు బాగుచేశాడో లేదో చూపిద్దాం అత్తయ్యా, బాగైతే సాక్ష్యానికి కాగితం ఉంటుంది’ అంటే సాధారణంగా కాదనరు. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులను ప్రభువు మీరు వెళ్లి యాజకులకు కనబరచుకోండి అన్నాడు. ఆ రోజుల్లో చర్మం బాగైందో లేదో చూసి చెప్పే అధికారం యాజకులది. పరీక్షకు వెళ్లమన్నది ఆయనే.

ఇన్సులిన్ మీద ఉన్నవారు దాన్ని ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. మూర్ఛ మందులు ఒక్కసారిగా ఆపితే ఆగని ఫిట్స్ రావచ్చు. క్షయ మందులు మొదలైన కొన్ని వారాలకే దగ్గు, జ్వరం తగ్గుతాయి, అప్పుడే కూటంలో స్వస్థత ప్రకటిస్తారు. సాధారణంగా ఆరు నెలల కోర్సు మధ్యలో వదిలితే మందులకు లొంగని క్షయ తిరిగి రావచ్చు, అది ఇంటిల్లిపాదికీ అంటుకోవచ్చు. పాస్టర్ల మాట విని హెచ్‌ఐవీ మందులు మానేసిన కనీసం ముగ్గురు లండన్‌లో చనిపోయారని 2011లో బీబీసీ బయటపెట్టింది. అమెరికాలో 1975 నుంచి 1995 వరకు వైద్యం నిరాకరించి ప్రార్థన మీదే ఆధారపడిన కుటుంబాల్లో చనిపోయిన 172 మంది పిల్లల కేసులను ఇద్దరు పరిశోధకులు పరిశీలించారు. వారిలో 140 మంది మామూలు వైద్యం అందితే నూటికి తొంభై పాళ్లకు పైగా బతికే పరిస్థితిలో ఉన్నవారే.

మందులు మానమని వేదిక మీద చెప్పేవారు తక్కువ. ‘మీ విశ్వాసం ప్రకారం చేయండి’ అంటారు. వినేవారికి అర్థమయ్యేది ఒకటే. మంచి పాస్టరైతే మందులు వేసుకుంటూనే ప్రార్థించుకోండి, ఆపాల్సి వస్తే డాక్టరు గారే ఆపుతారు అని తేటగా చెబుతాడు.

దయ్యం పట్టిందని విడుదల ప్రార్థనలకు తీసుకెళ్తున్నారు. మానసిక జబ్బు కావచ్చా?

చాలావరకు అదే అయి ఉంటుంది. మత్తయి 4:24 దయ్యం పట్టినవారిని, చాంద్రరోగులను (మూర్ఛ రోగులను), పక్షవాయువు గలవారిని వేర్వేరుగా పేర్కొంది. ప్రతి జబ్బునూ దయ్యమనడం ఆ వాక్యానికే విరుద్ధం. కట్టేసినా, కొట్టినా, ఉపవాసం పేరుతో తిండి, మందు ఆపినా అక్కడి నుంచి వెంటనే తీసుకొచ్చేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు.

ప్రార్థన నూనె, రుమాలు, విత్తన కానుక (దేవుడు పెంచి తిరిగిస్తాడని ముందుగా ఇచ్చే సొమ్ము) సంగతేమిటి?

నూనె రాయడం యాకోబు పత్రికలో ఉంది, పౌలు చేతిగుడ్డల మాట అపొస్తలుల కార్యములు 19లో ఉంది. వెల మాత్రం ఎక్కడా లేదు. ఎలీషా ప్రవక్త, తన మాట ద్వారా కుష్ఠు పోయిన సిరియా సేనాని నయమాను కానుకను ముట్టలేదు. వెనకాలే పరుగెత్తి పుచ్చుకున్న ఆయన సేవకుడు గేహజీకి నయమాను కుష్ఠే అంటింది. కానుకల డబ్బా తిప్పేముందు ఈ కథ చదివే కూటం నేనెన్నడూ చూడలేదు. చట్టం సంగతికొస్తే, 1954 నాటి మందులు, మాయా చికిత్సల ప్రకటనల చట్టం ఉంది. క్యాన్సర్, మధుమేహం, పక్షవాతం, గుడ్డితనం వంటి జబ్బులను తాయెత్తు, మంత్రం లాంటి మహిమగల సాధనంతో నయం చేస్తామని ప్రకటనలివ్వడం దాని కింద నేరం. ఇది ఏ ఒక్క మతానికో చేసిన చట్టం కాదు.

కూటంలో ప్రార్థించాక నాకు నొప్పి నిజంగానే తగ్గింది. సాక్ష్యం చెప్పమంటున్నారు. చెప్పనా?

చెప్పండి, ఉన్నది ఉన్నట్టు. ‘మోకాలు రెండేళ్లుగా నొప్పిగా ఉంది, మాత్రలు వాడుతున్నాను, నిన్న ప్రార్థించారు, ఇవాళ మెట్లెక్కగలిగాను, దేవునికి స్తోత్రం’ అంటే చాలు. మాత్రల మాట తీసేయమంటే ఒప్పుకోవద్దు. డాక్టర్లు చేతులెత్తేశారని మీ తరఫున ఎవరైనా కలిపి చెబితే అక్కడే సరిదిద్దండి. కెమెరా ఉంటే మూడు నెలలు ఆగి చెబుతానని అడగండి. అప్పటికీ నొప్పి లేకపోతే ఆ సాక్ష్యానికే బరువు ఎక్కువ. తిరిగి వచ్చిందనుకోండి, అదీ అదే మైకులో చెప్పనిస్తారేమో అడిగి చూడండి.